చెవిన వేయని మాట

నమోదు 1

నల్లా దగ్గర వరుస నన్ను చూసి ఇవాళ కూడా చెదిరిపోయింది. నేను బిందె పట్టుకుని సొరంగం మలుపు తిరిగానో లేదో, ముందున్న ఆడవాళ్ళందరికీ ఒక్కసారే ఇంట్లో పనులు గుర్తొచ్చాయి. ఒకావిడైతే సగం నిండిన బిందె అక్కడే వదిలేసి పోయింది. దాన్ని పక్కకు జరిపి నాది పెట్టుకున్నాను. అపశకునం అనిపించుకోవడంలో లాభం ఇదొక్కటే, నీళ్ళ కోసం నిలబడక్కర్లేదు.

చెవిమాట మనిషి తన రోజులు రాసి పెట్టాలని మా బొగ్గు బాయి నియమం. ఎవరు చదువుతారో నాకు తెలియదు. నాకు ముందు ఈ పని చేసినావిడ "విశేషం లేదు" అని రాసి రాసి రిటైరైంది. అదృష్టవంతురాలు. నా పేరు సారక్క. మా తాతల తాతలు ఈ బాయిలో బొగ్గు తవ్వారు, మేం ఇందులో కాపురాలు చేస్తున్నాం. పైన పగటి ఎండకు మనిషి నిలవలేడు మరి.

ఇవాళ పని రాజేశానిది. పేగు వాచింది, కోయాలి. చేతులమ్మ గదిలో మంచం మీద కాళ్ళు ముడుచుకుని, పళ్ళు బిగబట్టి పడుకున్నాడు. చేతులమ్మంటే యంత్రం. ఆరు చేతులున్నాయని మావాళ్ళు పెట్టుకున్న పేరు. దాన్ని కిందికి దింపిన పలకల కంపెనీ ఏం పేరు పెట్టిందో ఇప్పుడెవరికీ గుర్తు లేదు. ఏమేం చేయాల్సి రావచ్చో, దేనికి పైన ఎన్ని ఎండపూటలు పని చేసి కట్టాలో ముందు అది నాకు చెబుతుంది. అవి నేను రోగి చెవిలో ఒక్కొక్కటే చెప్పాలి. అతను ఒక్కొక్కదానికీ సరే అనాలి.

"కోతకు ఆరు ఎండపూటలు. సరేనా తమ్మీ?"

"సరే అక్కా."

"మత్తుకు రెండు."

"సరే."

"రక్తం ఆగకపోతే..."

అంతవరకే అన్నాను. అతని భార్య భూలక్ష్మి వచ్చి నా నోటి మీద అరచెయ్యి పెట్టి నొక్కేసింది.

"థూ థూ! ఏం మాటలక్కా అవి? తథాస్తు దేవతలు ఇనరా? మంచిగ పొయ్యి మంచిగ వస్తడని చెప్పు, సాలు."

ఆమె చెయ్యి తీసేసి, ఇది చెప్పకపోతే ఏమవుతుందో వివరించబోయాను. ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పానో ఈ సంగతి. ఈలోగా రాజేశమే కళ్ళు మూసుకుని, "సాలక్కా, ఇగ నాతోని కాదు, ఇనలేను" అన్నాడు. రోగి చాలంటే నేను లేవాల్సిందే.

"ఇంతేనా?" అని అడిగింది చేతులమ్మ. దాని గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది.

"ఇంతే," అన్నాను.

నమోదు 2

రాజేశం పోయాడు.

రక్తం ఆగలేదు. ఆపడం చేతులమ్మకు తెలుసు. ఆపే మందు దాని పక్కనే గాజు అరలో ఉంది. అయినా ఆరు చేతులూ పైకెత్తి నిలబడింది. జాలీ తలుపు బయట నుంచి నేను చూశాను. తలుపు బాదాను. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. "చెవిన పడని పని. చేయను" అంది, అదే మెత్తటి గొంతుతో.

మా అమ్మ రోజుల్లో ఇలా ఉండేది కాదు. అప్పుడు అన్నీ చేసేసి, రోగి కళ్ళు తెరిచాక లెక్క చెప్పేది. పన్ను పీకించుకుందామని వెళ్ళి, లేచేసరికి మూడేళ్ళ ఎండపూటలు మెడకు చుట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఎండపూట అంటే పైకి పోయి కంపెనీ కరెంటు పలకల మీద దుమ్ము తుడవడం. యంత్రాలు ఆ వేడికి తొందరగా పాడవుతాయట, మనుషులైతే ఇంకాస్త ఆగుతారట. చివరికి బాయి బాయంతా ఒక్కటై తుడుపు మానేసింది. పలకలన్నీ దుమ్ము పట్టి కరెంటు పడిపోయాక కంపెనీ దిగొచ్చింది. రోగి చెవిన బాయి మనిషి నోటితో ముందుగా పడని ఖర్చు వసూలు చేయకూడదు, ఇది మేం రాయించుకున్నది. వసూలు కాని పని చేయనక్కర్లేదు, ఇది ఆఖర్న వాళ్ళు చేర్చుకున్నది. గెలిచిన సంబరంలో ఆ రెండో మాటను ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు కూడా ఎవరూ పట్టించుకోవడం లేదు. "యంత్రం చేతులెత్తేసింది" అని ఒక్కరూ అనరు. "సారక్క నోట్లెకెంచి రక్తం మాట పడ్డది, పడ్డట్టే అయింది" అంటున్నారు. భూలక్ష్మి ఇంటికి గంజి పట్టుకెళ్ళాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గోడకు కరుచుకుపోయి, కొంగు నోట్లో కుక్కుకుని, నేనెప్పుడు వెళ్ళిపోతానా అని చూసింది.

ఇంటికొచ్చి నోరు కడుక్కున్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. ఇలాంటివి నేను నమ్మను. నమ్మనిదాన్ని ఎందుకు కడుక్కున్నానో నాకే తెలియదు.

నమోదు 3

నా భయం రాజేశంతో ఆగలేదు. నా చెల్లెలు సుగుణకు నెలలు నిండాయి.

ఇది రెండో కాన్పు. తొలి కాన్పుకు మాటలన్నీ నేనే దాని చెవిలో చెప్పాను, ఒక్కటి వదలకుండా. చేతులమ్మ కూడా అన్నీ చేసింది, ఒక్కటి వదలకుండా. అయినా బిడ్డ దక్కలేదు. కొన్నిసార్లు అంతే, యంత్రానికైనా చేతకాదు. ఆ లెక్కను సుగుణ మొగుడు ఓదెలు ఇంకా తీరుస్తూనే ఉన్నాడు. రోజూ పైకి వెళ్తాడు, ముఖం మీద చర్మం పొరలు లేచి దిగుతాడు. ముందు చెప్పిన దాని కంటే ఒక్క పూట ఎక్కువ రాయలేదు. అంతవరకు మా నియమం గట్టిదే.

కానీ ఓదెలు వాళ్ళమ్మ లచ్చవ్వకు కనపడింది వేరు. "బిడ్డ పుట్టి ఏడవకపోతే" అని నేనన్నాను, బిడ్డ ఏడవలేదు. ఆ రెండింటి మధ్య ఆమెకు ఇంకేమీ కనపడలేదు. ఇప్పుడు రాజేశం సంగతి కూడా తోడైంది. నేను ఎండబెట్టిన పుట్టగొడుగులు పొట్లం కట్టుకుని వెళ్తే, వాళ్ళింటి గోనె పరదా లోపలి నుంచి బిగించి కట్టి ఉంది.

"అత్తమ్మా, ఒక్కసారి చెల్లెను చూసిపోత."

"వద్దు బిడ్డా. నీ మీద నాకు కోపం లేదు. నీకు దండం పెడ్త, ఈ గడప తొక్కకు."

"మరి నొప్పులొస్తె చెవిల ఎవలు చెప్తరు?"

"ఎవ్వలు చెప్పద్దు. ఇంట్లనే కంటది. మా అత్త ఏడుగుర్ని కన్నది, ఏ చేతులమ్మ వచ్చి పట్టింది?"

ఆ ఏడుగురిలో ఎంతమంది పెరిగి పెద్దయ్యారని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఆమెకు తెలుసు. పరదా వెనక నుంచి సుగుణ దగ్గు వినపడింది. దాని పాదాలు దిమ్మల్లా వాచాయని, కళ్ళ ముందు మెరుపులు మెరుస్తున్నాయంటోందని పొద్దున విన్నాను. అలా ఉన్నవాళ్ళు ఇంట్లో కనకూడదు. చేతులమ్మ దగ్గరికి వెళ్ళాల్సిందే, వెళ్తే ఎవరో ఒకరు మాటలు చెప్పాల్సిందే. చెప్పకపోతే ఏం చేస్తుందో చూశాను కదా. ఆరు చేతులూ పైకెత్తి నిలబడుతుంది, నా చెల్లెలి మీద.

నమోదు 4

పుట్టగొడుగుల మడుల దగ్గర సుగుణ దొరికింది. అత్త నిద్రపోతుంటే వచ్చేసిందట. రెండు అడుగులు నడిచి ఒకసారి ఆగుతోంది. ముఖం ఉబ్బి, చిన్నప్పటి బూరెబుగ్గలు మళ్ళీ వచ్చినట్టు ఉంది. చూడగానే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

"అక్కా, ఈసారి గూడ నువ్వే చెప్పాలె. నేను ఇంట."

"నీకు భయమైతలేదా?"

"ఎందుకు కాదే? నువ్వు చెప్తుంటె చేతులు చల్లబడ్తయి. కని చెప్పకుంటె ఇంక భయం. చీకట్ల ఏమున్నదో తెల్వనట్టు." నా చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది. లోపల ఒక తన్ను. "ఒక్కటి గూడ ఇడ్సిపెట్టకు. బిడ్డది గూడ."

"సరే," అన్నాను.

నా గొంతు మామూలుగానే ఉంది. లోపల మాత్రం ఒక్కటే అనిపించింది. నేనంటే, అదే జరిగితే? ఇక ఈ బాయిలో నేను బతకగలనా? బాయి సంగతి తర్వాత, నా చెల్లెలి ముఖం చూడగలనా?

నా బదులు చెప్పమని ఇద్దరు ముగ్గురిని అడిగాను. బాయి మనిషి ఎవరైనా చెప్పవచ్చు. ఆఖరికి మా పినతల్లి కూతురు కూడా, "నా నోరు మంచిగున్నదక్కా, గట్లనే ఉండనీ" అని తలుపేసుకుంది.

నమోదు 5

మధ్యాహ్నం సైరన్ మోగకముందే తలుపు బాదుతూ లచ్చవ్వ వచ్చింది. జుట్టు విడిపోయి ఉంది. కాళ్ళకు చెప్పుల్లేవు.

"బిడ్డా, సుగుణ కండ్లు తేలేసింది. కొట్టుకున్నది. నాలిక కర్సుకున్నది. ఇప్పుడు తెలివికొచ్చింది కని నన్ను గుర్తువడ్తలేదు. ఓదెలు పైన్నే ఉన్నడు, మాపటిదాక దిగడు. నాకు ఎవ్వలున్నరు?"

బొగ్గు తోసే పాత బండి మీద సుగుణను పడుకోబెట్టి తోసుకుంటూ వెళ్ళాం. పట్టాల అతుకుల దగ్గర బండి ఎగిరినప్పుడల్లా అది మూలిగింది. దారిలో అన్ని పరదాలూ కదిలాయి, ఎవరూ బయటికి రాలేదు. చేతులమ్మ గది ముందుకొచ్చాక లచ్చవ్వ బండికి అడ్డం నిలబడింది.

"సారక్కా. నీకు ఏమేం చెప్పేదున్నదో అన్ని చెప్పు. నేను చెవులు మూసుకుంట, అడ్డం రాను. కని బిడ్డ మాట ఒక్కటి అనకు. అది ఒక్కటే అనకు. పోయినసారి అన్నవ్."

"అత్తమ్మా, అది అనకుంటె..."

"సుగుణ మీద ఒట్టు వెయ్. దాని నెత్తి మీద చెయ్యి పెట్టి వెయ్. లేకుంటె నా మీదికెంచి తోసుకపో."

ముసలిది బండి కడ్డీ వదలడం లేదు. ఆమె వెనకే జాలీ తలుపు, దాని వెనక ఆరు చేతులు. బండి మీద సుగుణ కళ్ళు మళ్ళీ పైకి పోతున్నాయి. వాదించడానికి వ్యవధి లేదు. ఏమీ చెప్పకపోవడం కంటే ఒక్కటి తప్ప అన్నీ చెప్పడం నయం కదా అనుకున్నాను. ఇది నిజమే. కానీ ఇంకో నిజం కూడా ఉంది, రాయకపోతే నాకు ఊపిరాడదు. ఆ మాట అనక్కర్లేదనగానే నా ప్రాణానికి హాయిగా అనిపించింది.

సుగుణ నెత్తి మీద చెయ్యి పెట్టాను. చెమటకు తల తడిసిపోయి ఉంది. ఒట్టు వేశాను.

నమోదు 6

జాలీ తలుపు బయట కూర్చుని రాస్తున్నాను. ఊరికే కూర్చోలేను.

మాటలు చెప్పాను. సుగుణకు తెలివి వచ్చింది, నన్ను గుర్తుపట్టింది. కోసి తీస్తే ఇన్ని ఎండపూటలు, సరే. ఫిట్స్ మళ్ళీ వస్తే ఇన్ని, సరే. రక్తం ఆగకపోతే ఇన్ని, సరే. గర్భసంచి తీయాల్సి వస్తే, అప్పుడు కొంచెం ఆగి, సరే. ఒక్కోదానికీ దాని చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. దాని చెవి దగ్గర చిన్నప్పుడు నేను తోసేస్తే గీరుకున్న మచ్చ ఉంటుంది, అది చూస్తూ చెప్పాను. లచ్చవ్వ మూలకు తిరిగి, రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నిలబడింది.

చివరికొచ్చాక ఆపేశాను. సుగుణ ఎదురుచూసింది.

"ఇంకోటి ఉండె కదనే అక్కా?"

"లేదు. అయిపోయినయ్."

అది నమ్మింది. నన్ను ఎప్పుడూ నమ్ముతుంది.

"ఇంతేనా?" అంది చేతులమ్మ.

"ఇంతే."

మత్తు ఎక్కించింది. తలుపు పడింది. జాలీలోంచి చేతులు కదలడం కనపడుతోంది, గబగబా, శుభ్రంగా, ఎవరికీ భయపడకుండా. ఫరవాలేదు, ఏమీ కాదు. ఎంతోమంది పిల్లలు పుట్టగానే ఏడుస్తారు. ఆ మాట అక్కరకే రాదు. లచ్చవ్వ నా పక్కన నేల మీద కూర్చుని పెదవులతో ఏదో గొణుగుతోంది. ఆమె మొక్కులన్నీ నేను కూడా మొక్కుతున్నాను, పేర్లు తెలియకపోయినా.

చేతులు ఏదో పైకి తీస్తున్నాయి. ఆడపిల్ల.

ఏడవడం లేదు.

నమోదు 7

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. నిన్న కలం పట్టుకునే ఓపిక లేదు.

పాపను చేతులమ్మ ఇనుప పళ్ళెంలో గుడ్డ మీద పెట్టింది. నీలంగా ఉంది. చిన్న పిడికిళ్ళు విప్పి ఉన్నాయి. రెండు చేతులు సుగుణ కడుపు కుడుతూనే ఉన్నాయి, మిగతా నాలుగూ పైకి లేచి ఆగిపోయాయి. నేను జాలీ మీద పడ్డాను.

"ఊదు! గాలి ఊదు దానికి!"

"చెవిన పడని పని. చేయను."

"ఇప్పుడు చెప్త! బిడ్డ ఏడవ..." అంతవరకు వచ్చి నా నోరు ఆగిపోయింది. ఒట్టు గుర్తొచ్చింది. సుగుణ అక్కడే కడుపు తెరుచుకుని పడుకుని ఉంది, దాని నెత్తి మీద చెయ్యి పెట్టి వేశాను. ఇవి నమ్మని మనిషినే నేను. అయినా ఆ మాట అనలేకపోయాను.

"తల్లికి స్పృహ లేదు. తల్లి చెవి వినదు" అంది చేతులమ్మ. మెత్తగా.

లచ్చవ్వ నా భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. అంత దగ్గరగా ఆమె ముఖం నేనెప్పుడూ చూడలేదు.

"ఎందుకు ఊకుంటున్నదే అది? తెల్వదా దానికి?"

"తెలుసు. నేను చెప్పలేదు కాబట్టి చేస్తలేదు. రాజేశానికి గూడ గంతే. అనుడుతోని కాలేదు అత్తమ్మా, అనకపోవుడుతోని అయింది."

ఇన్నాళ్ళుగా నేను ఎన్నో రకాలుగా చెప్పిన మాటే ఇది. ఈసారి ఆమె కళ్ళ ముందు పళ్ళెం ఉంది.

"రోగి చెవిన" అనే కదా మావాళ్ళు రాయించుకుంది. ఆ ముక్క అప్పుడు తట్టింది నాకు. పాప పుట్టేసిందిగా, ఇక అది తల్లిలో భాగం కాదు.

"రోగి అది! దాని చెవిల చెప్తం! తలుపు తియ్!" అని అరిచాను.

చేతులమ్మ ఆలోచించిందో ఏమో, లేక ఆలోచన అక్కర్లేదో, జాలీ తలుపు లేచింది. ఇద్దరం లోపలికి పడ్డాం.

"రోగి పేరు?" అంది.

మావాళ్ళలో పుట్టకముందు పేరు అనుకోరు, దిష్టి తగులుతుంది. ఇరవయ్యొకటో రోజున పెద్దవాళ్ళు చెవిలో చెబుతారు, అప్పటిదాకా పాపే. నా బుర్రలో ఒక్క పేరూ లేదు. మా అమ్మ పేరు కూడా గుర్తు రాలేదు.

"పెంటమ్మ!" అని కేకేసింది లచ్చవ్వ.

పోయిన పిల్లల తర్వాత పుట్టినవాళ్ళ మీద చావు కన్ను పడకుండా ఎందుకూ పనికిరాని పేరు పెట్టడం పాత అలవాటు. ఈ బాయిలో పెంటకుప్ప చూసినవాళ్ళు ఎవరూ లేరు. పేరు మాత్రం మిగిలి ఉంది. ఆమెకు అది సిద్ధంగా ఉంది, నెలల నుంచి ఉందేమో.

నేను పళ్ళెం మీదికి వంగాను. మాట పెగల్లేదు. ఒట్టు, ఒట్టు అని తల లోపల ఒకటే కొట్టుకుంటోంది. లచ్చవ్వ నన్ను పక్కకు నెట్టేసింది.

"వెయ్యించింది నేనే. ఒట్టు తీసి గట్టున పెట్టిన. జరుగు."

పాప చెవి గోరంత ఉంది. దాని మీద పెదవులు ఆనించి, ఏ మాట వినకూడదని నన్ను ఇన్నాళ్ళు గడప బయట నిలబెట్టిందో ఆ మాట తానే అంది. పేరు చెప్పే చెవిలో, మొట్టమొదటి మాటగా.

"పెంటమ్మా, నువ్వు ఏడ్వకపోతె... నువ్వు ఊపిరి తియ్యకపోతె, నీకు గాలి ఊదాలె. దానికి..." నా వైపు చూసింది. "ఎన్ని?"

"నలభై."

"నలభై ఎండపూటలు. ఇంటున్నవా నా తల్లీ? నీకు మాటలు రావు, నీ బదులు నేనంటున్న. సరే. సరే. సరే."

"ఎవరి లెక్కలో?" అంది చేతులమ్మ.

"నా లెక్కల రాస్కో. లచ్చవ్వ. నాయినమ్మను."

నాలుగు చేతులు ఒక్కసారే దిగాయి. ఒకటి నోరు తుడిచింది, ఒకటి మెడ ఎత్తి పట్టింది, ఒకటి సన్న గొట్టంతో ఊదింది. ఇంకోటి రెండు వేళ్ళతో రొమ్ము మీద నొక్కుతూ ఉంది. లచ్చవ్వ, నేను ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. నాకు ఆ చెయ్యి ఇప్పటికీ నొప్పిగానే ఉంది. ఎంతసేపో తెలియదు. మేమిద్దరం కూడా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాం.

తుమ్ము లాంటిది ఒకటి వచ్చింది ముందు. తర్వాత ఏడ్చింది.

లచ్చవ్వ నేల మీద కూలబడి, పాప కంటే గట్టిగా ఏడ్చింది.

నమోదు 8

సుగుణ లేచింది. కుట్లు పట్టుకుని కూర్చుని పాపకు పాలిస్తోంది. నేను ఒక మాట వదిలేశానని, అడిగినా లేదన్నానని దానికి నేనే చెప్పాను. "నీకు గూడ భయమైందా అక్కా?" అంది. అయిందన్నాను. తిట్టలేదు. పాపను నా ఒళ్ళో పెట్టింది.

ఆ మాట నేను సమయానికి అని ఉంటే ఆ నలభై పూటలు సుగుణ పేరున పడేవి. ఓదెలు తన లెక్కలో కలుపుకుని మెల్లగా తీర్చేవాడు. ఇప్పుడు అవి ఎవరూ అనుకోని మనిషి మీద పడ్డాయి. "మా అమ్మ బదులు నేను పోత" అని ఓదెలు చేతులమ్మ ముందు నిలబడి ఏడ్చాడు. పెళ్ళాం లెక్క మొగుడు తీర్చవచ్చు కానీ, ఒకరి బదులు సరే అన్న లెక్క ఆ అన్నవాళ్ళే తీర్చాలట. మార్చడం కుదరదట. పైకి పోయి పూర్తిగా తీర్చి దిగినవాళ్ళు ఉన్నారు. దిగనివాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో చాలామంది లచ్చవ్వ కంటే చిన్నవాళ్ళు.

నమోదు 9

ఇవాళ లచ్చవ్వ మొదటి ఎండపూట.

లిఫ్టు దగ్గరికి అందరం వెళ్ళాం. చాలామంది వచ్చారు. భూలక్ష్మి కూడా వచ్చింది, దూరంగా నిలబడింది, కానీ నన్ను చూసి తప్పుకోలేదు. కంపెనీ వాళ్ళ తెల్ల బట్టలు లచ్చవ్వకు రెండింతలున్నాయి. చేతులు మడిచి, నడుముకు తాడు కట్టుకుంది. ముక్కుపుడక వేడెక్కి కాలుతుందని ఓదెలు చెబితే తీసి సుగుణకు ఇచ్చింది.

లిఫ్టు ఎక్కబోతూ ఆగి నన్ను పిలిచింది.

"పైకి పొయ్యేటోళ్ళ చెవిల ఎవలన్న చెప్తరానే? ఏమేం కావచ్చో?"

"చెప్పరు అత్తమ్మా. దానికి నియమం లేదు."

"నువ్వు చెప్పు నాకు."

"వద్దు. పొయ్యేటప్పుడు గా మాటలెందుకు?" అన్నాను. అని, నా మాట నాకే వినపడి సిగ్గేసింది.

"చెప్పు బిడ్డా. తెల్వకుండ పోతె కాళ్ళు వణుకుతయి. ఒక్కటి గూడ ఇడ్సిపెట్టకు."

ఆమె చెవి దగ్గరికి వంగాను. కుంకుడురసం వాసన వేసింది, ఇవాళ తలంటుకున్నట్టుంది. చేతికి పలక తగిలితే చర్మం ఊడివస్తుంది. సరే, అంది. తాగే నీళ్ళు వేడెక్కిపోతాయి, అయినా తాగాలి. సరే. కళ్ళు మసకబారితే అక్కడే కూర్చోవాలి, నడవకూడదు. సరే. గుండె దడ పుడితే ఎవరూ రారు, లిఫ్టు గంట తాడు తానే లాగాలి. సరే. ఓదెలు తలుపు కడ్డీ పట్టుకుని నేల చూస్తున్నాడు.

అక్కడ ఆగాను.

"ఇంకోటి ఉన్నది," అంది లచ్చవ్వ.

"ఉన్నది."

"మరి చెప్పు."

"తిరిగి దిగకపోతే," అన్నాను. ఈసారి నోరు పెగిలింది. "పాపకు నీ సంగతి మేం చెప్తం. రోజూ చెప్తం."

"సరే," అంది.

నా బుగ్గ మీద ఒకసారి చెయ్యి పెట్టి లోపలికి వెళ్ళి నిలబడింది. తలుపు మూస్తుండగా సుగుణ ఒళ్ళో పెంటమ్మ లేచి కేర్ మంది. ఇంత గట్టి గొంతు బాయిలో ఇంకెవరికీ లేదు. సొరంగమంతా మారుమోగింది.

"పొయ్యేటప్పుడు ఏడుపేందే? అపశకునం. ఊకోబెట్టు దాన్ని," అంది వెనక నుంచి ఎవరో ముసలావిడ.

సుగుణ వెనక్కి తిరగలేదు. పాపను భుజం మీదికి ఎత్తి లిఫ్టు వైపు తిప్పింది.

"ఏడ్వనియ్యి," అంది.

లిఫ్టు పైకి పోతున్నంతసేపూ పాప ఏడుస్తూనే ఉంది. లచ్చవ్వకు చాలా దూరం వినపడే ఉంటుంది.